నాంపల్లికి ‘టు’ పెట్టిన నేరం

హైదరాబాద్‌లో నాంపల్లి, ఆబిడ్స్ చుట్టుపక్కల రెండు రకాల నేరాలకు విచారణ జరుగుతుంది. ఒకటి నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో. అక్కడ నిందితుడికి వకీలు ఉంటాడు, వాయిదా ఉంటుంది, బెయిలు ఉంటుంది, ఏదీ కుదరకపోతే పై కోర్టు ఉంటుంది. రెండోది ఆబిడ్స్ గల్లీల్లో, చెప్పుల దుకాణం పైన, జిరాక్స్ సెంటర్ పక్కన, ఇరుకు మెట్లెక్కితే వచ్చే స్పోకెన్ ఇంగ్లీష్ గదుల్లో. అక్కడ వకీలూ లేడు, అప్పీలూ లేదు. ‘ఐ రీచ్డ్ టు నాంపల్లి’ అని నోరు జారినవాడు అక్కడికక్కడే దోషి. గదిలో ఉన్నవాళ్ళందరూ వింటుండగా నిలబడి, ‘టు’ తీసేసి అదే వాక్యం పదిసార్లు చెప్పాలి. ఫీజు ముందే కట్టించుకున్నారు కాబట్టి ఈ నేరానికి జరిమానా మాత్రం ఉండదు.

ఇంతకీ ఈ నేరంలో ఎవరికేం నష్టం జరిగింది? మనిషి నాంపల్లి చేరాడు. చేరానని చెప్పాడు. విన్నవాడికి అర్థమైంది. సామాను పోలేదు, టికెట్ చెల్లింది. అదనంగా ఖర్చయినది ఒకే ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరానికి ఈ నగరంలో కొలువులు తప్పుతాయి, కుదరబోయిన సంబంధాలు ‘ఆలోచించి చెప్తాం’లో పడిపోతాయి, డిగ్రీలో డిస్టింక్షన్ తెచ్చుకున్న కుర్రాడు కాలేజీ సెమినార్లో నోరు విప్పకుండా వెనక బెంచీలో దాక్కుంటాడు. లంచం తిన్నవాడికి లేని సిగ్గు, ‘గో టు హోమ్’ అన్నవాడికి నేర్పి పెట్టాం మనం.

ఆ తరగతి గది ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. గురువుగారు బోర్డు మీద నీలం మార్కర్‌తో ఓ డబ్బా గీస్తారు. డబ్బాలోకి బాణం పోతే ఇన్‌టూ. డబ్బా మీదికి ఎక్కితే ఆన్‌టూ. లోపల్నుంచి బయటపడితే అవుట్ ఆఫ్. డబ్బా మీంచి దిగితే ఆఫ్. ఈ గోడలోంచి దూరి ఆ గోడలోంచి వస్తే త్రూ. డబ్బా వైపు మొహం పెట్టి నడుస్తూ, చేరాడో లేదో తెలియకపోతే టువర్డ్స్. డబ్బాను పలకరించకుండా పక్కనుంచి దాటిపోతే పాస్ట్. చూశారా, అంతా అయిదు నిమిషాల పని. నిజం చెప్పొద్దూ, ఆ డబ్బా బాగుంటుంది. వచ్చిన చిక్కల్లా గురువుగారు ఆ డబ్బాను తుడిచేసి ‘ఇప్పుడు రూల్స్ రాసుకోండి’ అన్నప్పుడు మొదలవుతుంది.

‘రీచ్ తర్వాత టు రాదు. ఎంటర్ తర్వాత ఇన్‌టూ రాదు. హోమ్‌కి ముందు టు రాదు. హియర్, దేర్, అబ్రాడ్‌లకు ముందు కూడా రాదు. స్కూల్‌కి ముందు వస్తుంది.’

‘ఎందుకు రాదు సార్?’

‘రాదంతే. రాసుకో నాయనా.’

‘మరి మా కిరాయి కాగితంలో ఎంటర్డ్ ఇన్‌టూ అగ్రిమెంట్ అని ఉంది కద సార్?’

గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. గురువుగారు మార్కర్‌కి మూత పెట్టి, మళ్ళీ తీసి, ‘అది అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో వస్తుంది. దానికి ఫీజు వేరే’ అంటారు.

ఏటా మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం పంచుతారు. పసుపు రంగు మందు కుక్కిన బతికున్న కొర్రమీను పిల్లను ఉబ్బసం రోగి నోట్లో వేస్తే, అతను నమలకుండా, ప్రశ్నించకుండా, కళ్ళు మూసుకుని గుటుక్కున మింగుతాడు. గొంతులో అది కాసేపు కొట్టుకుంటుంది. ఆబిడ్స్‌లో ప్రిపోజిషన్ మందు వేసే పద్ధతీ అచ్చం ఇదే. తేడా ఒక్కటే, నాంపల్లి మైదానంలో మందుకు డబ్బు తీసుకోరు.

గురువుగారు చెప్పని సమాధానం ఏమంత గహనం కాదు. రీచ్ అంటే చేరడం. చేరే చోటును ఆ క్రియ నేరుగా పట్టుకుంటుంది, మధ్యలో దళారీ అక్కర్లేదు. ఎంటర్ కూడా అంతే. ఇది తెలుగువాడికి కొత్తా? ‘నాంపల్లి చేరాం’ అంటాం. ‘బస్సెక్కాను, రైలు దిగాను, రోడ్డు దాటాను, ఊరు విడిచాను’ అంటాం. వీటిల్లో ఎక్కడైనా ‘కి’ గానీ ‘లోకి’ గానీ కనిపించిందా? క్రియలోనే కదలిక దిక్కు కూరి ఉంటే విభక్తి పక్కకు తప్పుకుంటుందని మన నోటికి పుట్టుకతో తెలుసు. ‘మీరు చేరాం అన్నప్పుడు ఏం చేస్తున్నారో రీచ్ అన్నప్పుడూ అదే చెయ్యండి’ అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ స్పోకెన్ ఇంగ్లీష్ గదిలో తెలుగు మాట్లాడితే ఫైన్. గోడ మీద ఆ మాటే రాసిన కాగితం అంటించి ఉంటుంది.

హోమ్ కథ వేరు. అక్కడ హోమ్ అంటే ఇల్లన్న వస్తువు కాదు, ఇంటికన్న దిక్కు. దాంట్లోనే ‘కి’ ఇమిడిపోయింది. హియర్, దేర్ కూడా ఆ బాపతే. ఇటు, అటు అంటాం గానీ ఇటుకి, అటుకి అని పొడిగిస్తామా? ఆ మాటా గదిలో ఎవరూ అనరు.

ఆదివారం ఆబిడ్స్ దుకాణాలు షట్టర్లు దించుతాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. అక్కడ ఏ కుప్ప కెలికినా ఎర్ర అట్టతో రెన్ అండ్ మార్టిన్ తగులుతుంది. పక్క కుప్పలో రాపిడెక్స్ ఇంగ్లీషు కోర్సు. దాని ప్రకటనల్లో ఒకప్పుడు కపిల్ దేవ్ కనిపించేవాడు. హర్యానా కుర్రాడు ప్రపంచ కప్పు గెలిచాడు కాబట్టి మనం ప్రిపోజిషన్లు గెలుస్తామని మన తండ్రులు నమ్మారు. పోనీలెండి, మంచి నమ్మకమే. నన్ను ఎప్పుడూ తొలిచేది రెన్ దొర సంగతి. వ్యాకరణ పుస్తకం పేరులో సగమైన ఆ పి.సి. రెన్, 1924లో ‘బో జెస్ట్’ అని ఒక సాహస నవల రాశాడు. సహారా ఎడారి, ఫ్రెంచి విదేశీ దళం, కోట, ముట్టడి. దాంట్లో జనం గోడలెక్కుతారు, ఇసుకలో పాకుతారు, గేట్లలోంచి దూసుకొస్తారు. కదలిక పదాలన్నీ చెమట కారుస్తూ పనిచేస్తుంటాయి. దొర రెండూ రాశాడు, మనం ఒక్కటే కొన్నాం. నవలను ఫుట్‌పాత్ మీదే వదిలేసి, అదే మనిషి ఖాళీలు పెట్టిన పుస్తకాన్ని ఇంటికి మోసుకొచ్చాం. మనవాళ్ళ ఎంపిక ఎప్పుడూ ఇలాగే ఏడుస్తుంది.

ఇంగ్లీషు మాస్టార్ని మాత్రమే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. తెలుగు మాస్టారికీ ఇందులో వాటా ఉంది. చిన్నయ సూరి 1858లో బాలవ్యాకరణం ఇచ్చి పుణ్యం కట్టుకున్నాడు. మనం అందులోంచి పిల్లలకు దక్కించింది ‘డుమువులు ప్రథమా విభక్తి’ అనే రాగం. ఊగుతూ చదివాం. మార్కులు పడ్డాయి. ఆ విభక్తుల పట్టికలో ఉన్న కి, కు, లోన్ అన్నవే పొద్దున లేచిన దగ్గర్నుంచి మనల్ని ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి బజారుకి తోలుతున్నాయని ఏ మాస్టారూ చెప్పిన పాపాన పోలేదు. ఆబిడ్స్‌కి, ఆబిడ్స్‌లోకి, ఆబిడ్స్ వైపు, ఆబిడ్స్ దాకా, ఆబిడ్స్ మీదుగా, ఆబిడ్స్ నుంచి, ఆబిడ్స్ దాటి. ఇన్ని తేడాలు అయిదేళ్ళ పిల్లకు తడుముకోకుండా తెలుసు. ‘బంతి నాకు విసురు’ అన్నదానికీ ‘బంతి నా మీదికి విసురుతున్నాడు’ అన్నదానికీ మధ్య స్నేహం, తగాదా రెండూ ఉన్నాయని ఆ పిల్లకు చెప్పాలా? ఇంగ్లీషులో త్రో టు, త్రో ఎట్ అంటే అదే. చాక్‌పీసు దెబ్బ తిన్న వెనక బెంచీవాడికి ఈ పాఠం ఒంటికే తెలుసు. పేరు తెలియదంతే. నాంపల్లి స్టేషన్ ముందు ఆటో అన్న కూడా ‘ఆబిడ్స్ కూ, ఆబిడ్స్ కూ’ అనే పిలుస్తాడు. దక్కనీ మాట్లాడేవాడి ‘కూ’, మన ‘కు’ పక్కపక్కనే తిరుగుతున్న ఊరిది. ఈ ఊరికి గమ్యం చెప్పడం రాదట, నేర్పాలట!

నిజంగా మనవాళ్ళు తడబడేచోటు ఒకటుంది. దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు. తెలుగులో వెళ్ళడం, రావడం ఉంటే ‘లోకి’ అంటాం. గదిలోకి వెళ్ళాడు, ఊళ్ళోకి వచ్చాడు. కానీ పడటం, దూకడం, వేయడం వచ్చేసరికి ‘లో’తోనే సరిపెట్టుకుంటాం. బావిలో పడ్డాడు, చెరువులో దూకాడు, గోతిలో కాలు వేశాడు. పడటంలోనే లోపలికి పోవడం తెలుస్తోంది కదా, ‘కి’ దండగ అని తెలుగు తేల్చేసింది. కాబట్టి మనవాడు ఇంగ్లీషులోనూ ‘ఫెల్ ఇన్ ది వెల్’ అని ఊరుకుంటాడు. దొర ‘ఫెల్ ఇన్‌టూ’ అంటాడు. ఇది మూర్ఖత్వం కాదు, పొదుపు. వంద మంది తెలుగు పిల్లలు ఒకేచోట ఒకేలా తప్పితే ఆ తప్పు పిల్లలది కాదు, పాఠం చెప్పేవాడికి పిల్లల భాష తెలియకపోవడానిది. 1834లో పెట్టిన సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు ఆబిడ్స్‌లోనే ఉంది. 1958లో దేశం మొత్తానికి ఇంగ్లీషు బోధన నేర్పడానికని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌ను ఈ హైదరాబాద్‌లోనే పెట్టారు. అదే ఇప్పుడు ఇఫ్లూ అని పిలుస్తున్న విశ్వవిద్యాలయం. తెలుగు విశ్వవిద్యాలయం 1985లో పుట్టింది నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ దగ్గర. ఇన్ని విద్యల మధ్య నిలబడి, బావిలో పడ్డ తెలుగువాడికి ఒక ‘టూ’ అందించే నాథుడు లేడు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని.

పోనీ దొరల ఇంట్లో అన్నీ సర్దుకుని ఉన్నాయా? లండన్‌వాడు కిటికీలోంచి చూస్తే ‘అవుట్ ఆఫ్ ది విండో’. న్యూయార్క్‌వాడు ‘ఆఫ్’ తీసేసి ‘అవుట్ ది విండో’ చూస్తాడు. కిటికీ ఒకటే. ఆన్‌టూ అన్నది ఒక మాటా, రెండు మాటలా అని వాళ్ళ వ్యాకరణ పెద్దలు చాలాకాలం కొట్టుకున్నారు. అమెరికావాడు ‘ఆఫ్ ఆఫ్’ అని రెండుసార్లు దిగుతాడు బల్ల మీంచి. బ్రిటిష్‌వాడు ముక్కు విరుస్తాడు. వాళ్ళలో వాళ్ళకి తేలని పంచాయతీకి మన ఆబిడ్స్ మేడ మీద తుది తీర్పు వచ్చేసింది. దొరకంటే దొరగారి గుమాస్తా గట్టివాడు.

ఇక వీధిలోకి దిగుదాం. కదలిక పదాలకు పరీక్ష అక్కడే ఉంది.

ముందు ఆబిడ్స్ పేరే చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అని ఒక ఆర్మేనియన్ ఉండేవాడు. ప్రభువుకు బట్టలు, బూట్లు అందించే పని. ఇక్కడ ఆయన దుకాణం ఉండేది, ఆ దుకాణం పేరే వీధికి అంటుకుంది. నిజాం తొడిగి మరిచిపోయిన వస్తువులు కొన్ని ప్యాలెస్‌లోంచి చల్లగా దుకాణంలోకి, దుకాణంలోంచి మళ్ళీ అదే నిజాం చేతికి, ఈసారి డబ్బుకి, చేరేవని ఊళ్ళో ఒక కథ చెప్పుకుంటారు. కథ ఎంత నిజమో గానీ అవుట్ ఆఫ్, ఇన్‌టూ, బ్యాక్ టు ఈ మూడింటినీ ఒకే సరుకు మీద ఇంత లాభసాటిగా వాడినవాణ్ణి చరిత్రలో ఇంకొకణ్ణి చూపించండి. ఆయనే గనక స్పోకెన్ ఇంగ్లీష్ బ్యాచ్ పెట్టి ఉంటే నేనూ ఫీజు కట్టేవాణ్ణి.

ఇప్పుడు ఆబిడ్స్ రోడ్డు. ‘వాక్ అలాంగ్ ది ఫుట్‌పాత్’ అంటుంది పుస్తకం. ఫుట్‌పాత్ మీద బైకులు, ట్రాన్స్‌ఫార్మర్, బోర్డు, బోర్డు కింద ఇంకో బోర్డు. కాబట్టి ఫుట్‌పాత్ వెంబడి నడవరు, దాన్ని చుట్టి నడుస్తారు. ‘వాక్ అక్రాస్ ది రోడ్’ ఇంకో కల. నెహ్రూ బొమ్మ దగ్గర రోడ్డు దాటేవాడు అక్రాస్‌తో మొదలుపెట్టి, మధ్యలో బిట్వీన్‌లో ఇరుక్కుని, డివైడర్ మీద ఆన్‌టూ ఎక్కి, దేవుడి దయ ఉంటే అవతలి గట్టున తేలతాడు. బస్సు స్టాపులో ఆగదు, పాస్ట్ వెళ్ళిపోతుంది. బస్సు ఎక్కితే ఆన్, కారు ఎక్కితే ఇన్‌టూ అని నేర్పుతారు కదా. లోపల నిలబడి నడవగలిగిన బండి అయితే ఆన్, వంగి దూరాల్సిన బండి అయితే ఇన్‌టూ. బాగుంది. షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన సగం సీటు మీద, సగం గాలిలో వేలాడేవాడికి ఏది పెట్టాలో రెన్ గారూ చెప్పలేదు, మార్టిన్ గారూ చెప్పలేదు. రన్ ఇన్‌టూ అంటే పాత మిత్రుడు అనుకోకుండా తారసపడటం, వెళ్ళి గోడకు గుద్దుకోవడం రెండూను. ఆబిడ్స్ సెంటర్లో సాయంత్రం ఆరింటికి ఆ రెండూ ఒకే మనిషికి ఒకే నిమిషంలో జరుగుతాయి. ఇంగ్లీషు భాషకు ఇంతకన్నా న్యాయం చేసిన కూడలి లండన్‌లో ఉందా?

నాంపల్లి స్టేషన్ సంగతి. 1907 నాటిది. టికెట్ మీద హైదరాబాద్ డెక్కన్, జనం నోట నాంపల్లి. ఇక్కడ పట్టాలు అయిపోతాయి. ఇక్కడికి వచ్చిన రైలు ముందుకు పోయే ప్రసక్తి లేదు. మన రైల్వే ప్రకటనల తెలుగు మీకు తెలిసిందే, బండి ఎప్పుడూ ‘ప్లాట్‌ఫారం పైకి’ వస్తుంది. ఏ బండీ ప్లాట్‌ఫారం పైకి రాకూడదు, పక్కకు రావాలి, పైకి వస్తే పరుగెత్తాలి. 2024 జనవరి 10న చెన్నై నుంచి వచ్చిన చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఆ ప్రకటనను అక్షరాలా నమ్మినట్టుంది. ఆగాల్సిన చోట ఆగక, చివరి గోడదాకా పోయి గుద్దుకుంది, పెట్టెలు పట్టాలు తప్పాయి. కొద్దిమందికి గాయాలయ్యాయి, ప్రాణాలు దక్కాయి. టు నాంపల్లి రావాల్సిన బండి ఇన్‌టూ నాంపల్లి వచ్చిందన్నమాట. ప్రిపోజిషన్ తప్పితే ప్రమాదం అని ఒప్పుకోవాల్సిన సందర్భం నా ఎరికలో ఇదొక్కటే. ఆరోజు కూడా ఎవరూ బండిని నిలబెట్టి పదిసార్లు చెప్పించలేదు.

ఆఫీసుల మాటెత్తకపోవడం మంచిదేమో గానీ, టువర్డ్స్ అన్న పదానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. టు అంటే చేరడం ఖాయం. టువర్డ్స్ అంటే అటు మొహం తిప్పాడు, అంతే. మన దరఖాస్తులన్నీ టువర్డ్స్ లోనే ప్రయాణిస్తాయి. టేబుల్ మీంచి టేబుల్ మీదికి, సెక్షన్‌లోంచి సెక్షన్‌లోకి, త్రూ ప్రాపర్ చానల్. ఆ చానల్లో నీళ్ళుండవు.

ఇంతకీ కుర్రాణ్ణి ‘టు’ దగ్గర పట్టుకునేదెవరు? అది చూడాలి. ఇంటర్వ్యూలో ‘ఐ విల్ రిటర్న్ బ్యాక్ టు హైదరాబాద్’ అన్నాడని పక్కన పెట్టిన సారు, అదే సాయంత్రం ఇంకో అభ్యర్థికి ‘ప్లీజ్ రివర్ట్ బ్యాక్ ఎట్ ది ఎర్లియస్ట్’ అని మెయిల్ కొడతాడు. రిటర్న్‌లోనే వెనక్కి ఉంటే రివర్ట్‌లో ముందుకు ఉందా సారూ? పైగా రివర్ట్ అంటే జవాబివ్వడం అని మనమే కనిపెట్టుకున్నాం. బ్యాక్ అదనమైతే ఇద్దరిదీ అదనమే. కానీ ఒకడి అదనం తప్పు, ఇంకొకడిది స్టయిల్. ఇదీ అసలు వ్యాకరణం. టు, ఇన్‌టూ పేరుతో ఇక్కడ కొలిచేది భాషను కాదు. నీ బడి ఎక్కడ, మీ నాన్న ఏం చేస్తాడు, మీ ఊరికి బస్సు ఎన్ని గంటలు అని నోరు తెరిచి అడగడం సభ్యత కాదు కాబట్టి, ఒక వాక్యం మాట్లాడించి చూస్తారు. ‘గెట్ డౌన్ ఫ్రమ్ ది బస్’ అన్నాడా, ఊరు తెలిసిపోయింది. దొర గెట్ ఆఫ్ అంటాడట. మరి ఈ దేశంలో తరతరాలుగా కండక్టర్లూ, కలెక్టర్లూ అందరూ గెట్ డౌన్ అనే దిగారు, ఎవరూ కింద పడలేదు.

ప్రభుత్వాలు ఏం తక్కువ తిన్నాయి? ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో సర్కారు బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియంలోకి తోస్తూ జీవోలిచ్చారు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడులన్నిటిలో ఇంగ్లీషు మీడియం తెచ్చారు. పేదవాడి పిల్లకు ఇంగ్లీషు కావాలి, ఆ మాట నేను కాదనను. కాదనేవాళ్ళ పిల్లలు ఏ బడికి పోతున్నారో అందరికీ తెలుసు. నా తగువు ‘లోకి’తో. పిల్లల్ని మీడియంలోకి తోశారు, పాఠాన్ని మాత్రం ఖాళీల్లోనే వదిలేశారు. నాంపల్లి విద్యాభవన్‌లో ఉన్న ఇంటర్ బోర్డు ఇంగ్లీషు పేపరు తిప్పి చూడండి. ఒక గీత, గీతలో తగిన ప్రిపోజిషన్ పూరించాలి. అదే నాంపల్లిలో ఉన్న పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీషు పేపరు పెడుతుంది. ఆ మార్కులు ర్యాంకుకు కలవవు, కానీ అందులో గట్టెక్కకపోతే ర్యాంకే లేదు. జిల్లాను నడపాల్సినవాడి దారిలో ఇదో గేటు. గేటు తప్పని నేననను. గేటు దాకా రావడానికి రోడ్డు వేశారా అని అడుగుతున్నాను. ఇంటర్ గైడులో ‘ది క్యాట్ జంప్డ్ డ్యాష్ ది టేబుల్’ చదివినవాడు ఆన్‌టూ అని రాసి మార్కు కొట్టేస్తాడు. బల్ల మీదికి పిల్లి దూకితే మాత్రం చూస్తూ ఉండిపోతాడు, నోట్లోంచి మాట రాదు. ఆ పిల్లి వరుసగా ఎన్నేళ్ళ నుంచి దూకుతోందో, దానికి అలుపు కూడా లేదు.

వేరే దారి లేక కాదు. పక్కన బెంగళూరు, మద్రాసు ప్రాంతాల మామూలు బడుల్లో 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన ఒక ప్రయోగం నడిపాడు. బోధన లోకంలో బెంగళూరు ప్రాజెక్టు అంటే తెలియనివాళ్ళు లేరు, మన మాస్టర్లు తప్ప. ఆయన పిల్లలకు వ్యాకరణ సూత్రం ఒక్కటీ చెప్పలేదు. పటం ఇచ్చాడు, రైళ్ళ టైంటేబుల్ ఇచ్చాడు. ఇక్కణ్ణుంచి అక్కడికి ఎలా పోవాలో ఇంగ్లీషులో తేల్చమన్నాడు. దారి వెతుకుతుంటే మాటలు వాటంతట అవే పడతాయన్నది ఆయన పట్టు. అంతకుముందే అమెరికాలో 1960లలో జేమ్స్ ఆషర్ అనే ఆయన బెంచీలు ఖాళీ చేయించి, ‘తలుపు దాకా నడువు, కుర్చీ చుట్టూ తిరుగు, మెట్టు మీంచి దిగు’ అని చెప్పి, విన్నవాళ్ళు ఒంటితో చేసి చూపిస్తే భాష వస్తుందన్నాడు. ఇద్దరూ చెప్పింది ఒకటే. కదలిక పదాలు కూర్చుంటే రావు. మనం పిల్లల్ని కదిలితే తంతామని బెదిరించి మరీ కదలిక పదాలు నేర్పుతున్నాం.

పటానికి కరువా? స్టేషన్ లోంచి బయటికి రండి, మెట్రో వంతెన కిందుగా రోడ్డు దాటండి, స్టేషన్ రోడ్డు వెంబడి ఆబిడ్స్ వైపు నడవండి, దుకాణాలు, హోటళ్ళు దాటుకుంటూ జీపీవో దాకా పొండి, లోపలికి వెళ్ళి ఒక కవరు కొని, పోస్టు డబ్బాలో వేసి, బయటికి వచ్చి, ఇంటికి పొండి. ఒక కవరు ఖర్చుతో డజను ప్రిపోజిషన్లు అయిపోయాయి, చివర్లో హోమ్‌కి ముందు ఏదీ పెట్టక్కర్లేదని కూడా తెలిసిపోయింది. కవరు డబ్బాలో ‘ఇన్’ పడిందా ‘ఇన్‌టూ’ పడిందా అని మాస్టారు తన్నుకులాడితే, తపాలా శాఖ ఎలాగూ పట్టించుకోదు, రెండూ చెల్లుతాయి.

అయ్యా, ఇంటర్ బోర్డు పెద్దలారా, ఇంతకీ నా అర్జీ చిన్నది. వచ్చే ఏడాది ప్రశ్నపత్రంలో ప్రిపోజిషన్ల ఖాళీలు ఎత్తెయ్యండి. వాటి చోట మీ ఆఫీసు చుట్టుపక్కల వీధుల పటం ఒకటి అచ్చు వేయండి. కొత్తగా ఊళ్ళోకి వచ్చిన మనిషికి నాంపల్లి స్టేషన్ నుంచి మీ విద్యాభవన్‌కు దారి ఇంగ్లీషులో చెప్పమనండి. మనిషి మీ గుమ్మం దాకా వస్తే పూర్తి మార్కులు ఇవ్వండి, మధ్యలో ‘రీచ్ టు’ అన్నాడని కోయకండి. ఆ మనిషి దారి తప్పితేనే సున్నా వేయండి.